అక్క సూదితో పొడిచిన నక్షత్రాలు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున కళ్లజోడు అద్దాలు మార్పించుకుందామని హిందూపురంలోనే ఒక కంటి ఆసుపత్రికి వెళితే, మా చిన్నమ్మాయి వయసు కూడా ఉండని డాక్టరమ్మ నా కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసి, అద్దాల సంగతి తర్వాత చూద్దాం సార్, ముందు ఇంకో పరీక్ష ఉంది అంటూ నన్నొక చీకటి గదిలోకి పంపింది. అక్కడ పెద్ద తెల్లగిన్నెను పక్కకు తిప్పి నిలబెట్టినట్టు ఒక యంత్రం ఉంది. దాని ముందు గడ్డం ఆనించి కూర్చోవాలి, ఒక కన్ను మూసేస్తారు, రెండో కంటితో గిన్నె నడుమ వెలిగే పసుపుపచ్చ దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మిణుక్కుమని ఆరిపోతుంది, అది కనపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. కొన్ని వెలుగులు బాగానే కనిపిస్తాయి, కొన్ని వెలిగాయా లేక మనమే ఊహించుకున్నామా అన్నట్టుంటాయి. కన్ను మాత్రం కదపకండి సార్ అని పక్కనున్న అమ్మాయి నాలుగైదుసార్లు చెప్పింది. ముప్పై రెండేళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పి, పరీక్ష అంటే పెట్టడమే తప్ప రాయడం మరిచిపోయిన మనిషిని, చెమటలు పట్టి, కనపడని వాటికి కూడా మీట నొక్కి, ఆ అమ్మాయి చేత చీవాట్లు తిని బయటపడ్డాను.

తర్వాత డాక్టరమ్మ ఒక కాగితం నా ముందు పెట్టింది. దాని మీద కంటికొకటి చొప్పున రెండు గుండ్రటి పటాలు. ఎడమకంటి పటం ఇంచుమించు తెల్లగానే ఉంది. కుడికంటి పటంలో మాత్రం పైన ఎడమవైపు మూల సిరా ఒలికినట్టు నల్లగా ఉంది. నీటికాసులు, అంటే గ్లాకోమా, ఇప్పుడే మొదలవుతోంది, పోయిన చూపు తిరిగి రాదు గానీ రోజూ మందు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది, మీరు అదృష్టవంతులు అని ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. రెండు కళ్లతో చూసేటప్పుడు ఒక కంటి లోటును ఇంకో కన్ను పూడుస్తుంది కాబట్టి మనిషికి చాలా ఏళ్లు ఏమీ తెలియదట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. మా అక్కకు ఉందమ్మా, పదిహేనేళ్లుగా బొత్తిగా కనపడదు అన్నాను. ఆమె తల ఎత్తకుండా ఆ ముక్క రాసుకుంది.

నాకు నా కన్ను గురించిన దిగులు అంతగా కలగలేదు. డెబ్భై ఒకటి వచ్చాయి, ఇంక చూడాల్సింది మాత్రం ఎంతుంది. కానీ ఆ పటంలోని నల్లమూలను నేను ఇంతకుముందెక్కడో చూశాను అనిపించి, అన్నం తింటున్నా, పేపరు చదువుతున్నా అదే మెదలసాగింది. ఎక్కడ చూశానో గుర్తుకు రావడానికి మూడు రోజులు పట్టింది. గుర్తుకు రాకపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. అది చెప్పాలంటే నేను ముప్పై దాటి, లెక్చరర్‌గా కొత్తగా కుదురుకున్న రోజులకు వెళ్లాలి.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన ఊళ్ల కాలేజీలో పనిచేస్తూ పీహెచ్‌డీ చేయడమంటే నీళ్లు లేని పొలంలో వరి వేసినట్టే. లైబ్రరీ లేదు, పరికరాలు లేవు, తోటివాళ్లకు అదో వేళాకోళం. నాతో పనిచేసే కెమిస్ట్రీ ఆయన ఎప్పుడు కనపడినా, ఏం స్వామీ ఆకాశం ఎంతవరకు వచ్చింది అని అడిగేవాడు. యూనివర్సిటీలో మా గైడు గారు మాత్రం మంచి మనిషి. నా పరిస్థితి చూసి, నీకు దూరదర్శిని అక్కర్లేని పని ఇస్తాను, కళ్లూ ఓపికా ఉంటే చాలు అని, పెద్ద పెద్ద ఫోటో ప్రింట్లు చుట్టి ఒక అట్టగొట్టంలో పెట్టి ఇచ్చారు. అవి నక్షత్ర గుచ్ఛాల ఫోటోలు. ఒకేచోట ఒకేసారి పుట్టి, ఒకదాన్నొకటి లాక్కుంటూ కలిసి తిరిగే కొన్ని వందల నక్షత్రాల గుంపును గుచ్ఛమంటారు. లెక్కకు అనువుగా ఉండాలని ఆ ప్రింట్లలో ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉండేవి.

ఆ గుంపులో అందరూ ఒకే బరువు వాళ్లు కారు. పెద్ద నక్షత్రాలుంటాయి, చిన్నవి ఉంటాయి. కోట్ల సంవత్సరాలు అలా తిరుగుతూ, దగ్గరకు వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి లాగుతూ ఉంటే, బరువైనవి తమ వేగాన్ని చిన్నవాటికి కొంచెం కొంచెంగా పంచి, తాము నెమ్మదించి నడిమికి చేరుకుంటాయి. చిన్నవి ఆ వేగంతో అంచులకు జరుగుతాయి. కొన్నైతే గుంపునే వదిలి పోతాయి, మళ్లీ రావు. గుచ్ఛం వయసు పెరిగేకొద్దీ చిన్నవి తగ్గుతూ పోవాలని సిద్ధాంతం. నా పని ఏమిటంటే, ఫోటో మీద నడిమి నుంచి అంచు దాకా వలయాలు గీసి, ఏ వలయంలో పెద్దవెన్ని, నడిపివెన్ని, చిన్నవెన్ని అని లెక్కతీయడం. అలా ఐదు గుచ్ఛాలు. వాటిని వయసు ప్రకారం, లేతదానితో మొదలుపెట్టి ముసలిదాని దాకా వరుసగా చేయమని గైడు గారు చెప్పారు.

వినడానికి సులువే. కానీ అంచుల దగ్గరి చిన్న నక్షత్రాలు ఎంత పలచగా ఉంటాయంటే, ఒకే వలయాన్ని మూడుసార్లు లెక్కపెడితే నాకు మూడు అంకెలు వచ్చేవి. గైడు గారు మూడింటి మీదా ఎర్రపెన్సిలుతో గీతలు కొట్టి పంపారు. అప్పుడే ఒక ఆదివారం ఏదో పని మీద ధర్మవరంలో మా అక్క ఇంటికి వెళ్లి, వాళ్ల వాకిట్లో వెలుతురు బాగుందని ప్రింటు పరుచుకొని కూర్చున్నాను. అక్క చాలాసేపు నా అవస్థను చూసి నవ్వి, ఇదేం లెక్కప్పా, ఆవాలు చల్లినారా ఏమి దీని మీద అని పక్కన చేరింది.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. మేం పెనుకొండలో పెరిగాం. నాయన మార్కెట్ యార్డులో తూకాలు వేసేవాడు. కొర్రల్లో రాళ్లు ఏరాలంటే అమ్మ అక్కనే పిలిచేది, గింజ రంగులోనే ఉన్న రాయి కూడా అక్క కంటి నుంచి తప్పించుకునేది కాదు. పెళ్లిళ్ల ముందు వీధిలోని ఆడవాళ్లంతా చేటలు పట్టుకొని అక్కను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, అక్కకేమో అది గొప్పగా ఉండేది, ఏరినందుకు బెల్లం ముక్క పెట్టకపోతే ఒక రాయి మళ్లీ అందులో వేసేస్తానని బెదిరించేది. నాకు పన్నెండో ఎక్కం దాకా నేర్పించింది అక్కే. ఎనిమిదితో బడి మాన్పించారు. నన్ను మాన్పించలేదు. అది ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ధర్మవరంలో బావది జకార్డు మగ్గం. చీర అంచుకూ కొంగుకూ వేసే పువ్వుల బొమ్మను ముందు గళ్ల కాగితం మీద గీసి, ఆ గళ్లను చూస్తూ అట్టలకు బెజ్జాలు కొట్టి, ఆ అట్టల దండను మగ్గానికి ఎక్కిస్తారు. ఆ బెజ్జాలు కొట్టే పని అక్కది. ఒక్క గడి తప్పితే పువ్వుకు రేక చెడుతుంది. అత్తగారు నేర్పిన పద్ధతి ఒకటుండేది: కన్ను నిలపాలి, కాగితం జరపాలి. కన్ను తిప్పితే గడి తప్పిపోతుందని ఆవిడ ముందు పెట్టుకొని దెబ్బ కొట్టి మరీ నేర్పిందట. అక్క ఆ రోజు నా ప్రింటు మీద బటర్ పేపరు పరిచి, అంగుళం గళ్లు గీసి, పోగులు లెక్కపెట్టే మడత భూతద్దాన్ని మొదటి గడి మీద నిలబెట్టింది. ఎడమకన్ను మూసి, కుడికన్ను అద్దానికి ఆనించి, చూపు నడిమికి నిలిపి, కనపడిన ప్రతి నక్షత్రం మీదా సూదితో ఒక్క పోటు పొడిచింది. గడి అయిపోగానే కాగితాన్ని జరిపింది గానీ కన్ను జరపలేదు.

పెద్ద నక్షత్రానికి గోనెసంచులు కుట్టే దబ్బనం, నడిపిదానికి రవికె కుట్టే సూది, చిన్నదానికి పూసలు గుచ్చే సూది అని అక్కే తేల్చింది. నేను నోటితో లెక్కపెట్టుకుంటుంటే వద్దంది.

"లెక్కైతే మరిచిపోతాము తమ్ముడా. బెజ్జము యాడికీ పోదు."

ఆ మొదటి కాగితాన్ని చూసి గైడు గారు తాను స్వయంగా నాలుగు వలయాలు లెక్కపెట్టుకొని, ఒక్క నక్షత్రం కూడా తప్పలేదయ్యా అని ఆశ్చర్యపోయారు. ఎవరు చేశారని ఆయన అడగలేదు, నేనుగా చెప్పలేదు. అలా మొదలైంది మా పని.

మూడేళ్లు, దాదాపు ప్రతి ఆదివారం పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కేవాణ్ణి. ఒళ్లో అట్టగొట్టం. పెనుకొండ స్టేషన్‌లో బండి ఆగితే కోట కొండను చూస్తూ వేయించిన చెనక్కాయలు కొనుక్కునేవాణ్ణి. ధర్మవరంలో దిగి నడిచి వెళితే ఆ వీధి వీధంతా మగ్గాల చప్పుడే. అక్క ఉగ్గాని చేసి ఉంచేది, బజ్జీలు బావ తెచ్చేవాడు. తిన్నాక వారమంతా పొడిచిన కాగితాలు ఒక్కొక్కటే నా ముందు పెట్టేది. నేను నల్లగుడ్డ మీద కాగితం పరిచి, వలయాల చట్రాన్ని దాని మీద పెట్టి, బెజ్జాలు లెక్కేసి నోటుబుక్కులో అంకెలు దించుకునేవాణ్ణి. దించుకున్నాక ఆ కాగితాన్ని మళ్లీ చూసిన పాపాన పోలేదు. అక్క వంటింట్లోంచి, ఈ వారం చిన్నోళ్లు ఎంతమంది అని అడిగేది. చెబితే సంతోషించేది. చిన్నవి అంచుకెందుకు పోతాయో ఒకరోజు వివరించి చెప్పాను. రెండు మాటలు వినేసరికే, చేటలో చెరిగితే గింజ లోపల నిలబడి పొట్టు అంచుకు పోదా, కొంచెం కింద కూడా పడదా, అదే గదా అనేసింది. క్లాసులో ఆ సంగతి చెప్పడానికి నాకు వారం పట్టేది.

మొదటి రెండు గుచ్ఛాలూ లెక్క బాగా వచ్చాయి. మూడోదానిలో చిన్న నక్షత్రాలు కొంచెం తగ్గాయి. నాలుగోదానిలో ఇంకా తగ్గాయి. ఐదోదానికి వచ్చేసరికి ఉండాల్సినవాటిలో మూడో వంతు లేనే లేవు. పెద్దవేమో నడుమన ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి.  వయసు పెరిగేకొద్దీ చిన్నవి గుంపును వదిలి పోతాయని సిద్ధాంతం చెబుతూనే ఉంది, ఇదిగో నా నోటుబుక్కులో మెట్లు మెట్లుగా పోతున్నాయి. ప్యాసింజరు పెట్టెలో కూర్చొని ఆ అంకెలను గీతగా గీసుకుంటే కొండ వాలులా చక్కగా దిగింది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు. పెళ్లిరోజు కూడా కాదు, ఈ మాట మా ఆవిడ చదవదని ధైర్యం.

ఐదోది పొడుస్తున్న రోజుల్లోనే ఒక ఆదివారం అక్క కాగితాలు నా చేతికివ్వకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఎందుకో ముఖం చిన్నబోయి ఉంది.

"వీటిలో చిన్నవి మరీ తగ్గినట్టుండాయి. ఒకసారి ఇంకెవరి కండ్లకైనా చూపీప్పా."

నేను నవ్వాను. అవి పోయే ఉంటాయక్కా, పోవాలనే మా లెక్క, నువ్వేం దిగులు పడొద్దు అన్నాను. ఎవరికో చూపించడమంటే ఇంకో ఆర్నెల్లు, అదీగాక ఆ అంకెలు అలాగే ఉండాలని నాకుండింది. అక్క సరేనని కాగితాలు ఇచ్చేసింది. నాకంటే లెక్క తెలిసిన మనిషి, లెక్కలో తేడా వచ్చిందని తనంతట తాను చెప్పింది. పీహెచ్‌డీ అయ్యేవాణ్ణి నేను కాబట్టి నా మాటే నెగ్గింది.

థీసిస్ అయింది. పరీక్షకు వచ్చిన పెద్దలు ఆ వాలుగీతను మెచ్చుకున్నారు. పేరుకు ముందు డాక్టర్ అని చేరింది, కాలేజీలో శాలువా కప్పారు, వేళాకోళం చేసిన కెమిస్ట్రీ ఆయనే సన్మాన పత్రం చదివాడు. థీసిస్ మొదటి పేజీల్లో గైడు గారికి, ప్రిన్సిపాలు గారికి, టైపు చేసినతనికి కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. అక్క పేరు లేదు. చదువు లేని మనిషి చేత లెక్కపెట్టించానంటే తేలిక అవుతుందని భయపడ్డాను. అక్కకు ఒక కాపీ ఇస్తే, అట్ట మీద బంగారు అక్షరాలను వేలితో తడిమి, దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. ఫోటోలు పోయి ఎలక్ట్రానిక్ కెమెరాలు వచ్చాయి. వేరే దేశం వాళ్లెవరో నా నాలుగో, ఐదో గుచ్ఛాలనే మళ్లీ తీశారు. చిన్న నక్షత్రాలు ఎక్కడికీ పోలేదు. నడుమ తక్కువగా, అంచుల్లో ఎక్కువగా, అంటే సిద్ధాంతం చెప్పినట్టే సర్దుకొని ఉన్నాయి గానీ, గుంపును వదిలి పోయినవి బహు కొద్ది, ఆ గుచ్ఛాలు నేననుకున్నంత ఖాళీ కాలేదు. వాళ్ల వ్యాసంలో నా పేరు ఒక్కసారే వచ్చింది, ఈ లెక్కలు నమ్మదగినవి కావు అన్న వాక్యంలో. గైడు గారు ఆ పేజీని కవర్లో పెట్టి పంపారు, వేరే ఉత్తరం ముక్క లేదు. నేనే ఆయనకు జవాబు రాశాను. సహాయకురాలి అజాగ్రత్త వల్ల పొరపాటు జరిగింది, క్షమించండి అని. మూడేళ్ల పనిలో అక్క ప్రస్తావన కాగితం మీదికి ఎక్కింది ఆ ఒక్క వాక్యంలోనే.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఆదివారం ధర్మవరం వెళ్లి, కాళ్లు కూడా కడుక్కోకుండా అక్కను నిలదీశాను. చిన్నవాటిని ఎందుకు వదిలేశావు, విసుగొస్తే విసుగని చెప్పొద్దా, నా బతుకు నవ్వులపాలైంది అని ఏమేమో అన్నాను. మగ్గం మీదున్న బావ చెయ్యి ఆపి, ఊరుకోప్పా అన్నాడు. అక్క గోడకు ఆనుకొని నిలబడి అంతా విన్నది.

"నాకు కనపడినంత పొడిచినానప్పా."

 నేనది సాకు అనుకున్నాను. ఆ తర్వాత ఆదివారాలు పోవడం మానేశాను. పండక్కో పెళ్లికో వెళితే కాసేపు కూర్చొని వచ్చేవాణ్ణి. అక్క కొట్టిన అట్టల్లో గళ్లు తప్పుతున్నాయని, కొంగు మీద పువ్వులు చెడుతున్నాయని బావ ఒకసారి నాతో అంటే, నీకూ అదే పని చేసిందా బావా అని నవ్వాను కూడా. ఇంకొన్నేళ్లకు అక్క గడప తట్టుకొని పడిపోయి చెయ్యి విరిగితే, కూతురు పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అప్పటికి రెండు కళ్లలోనూ నడుమ కాస్త తప్ప చూపు లేదు. ఇది చాలా ఏళ్ల కిందటే మొదలై ఉంటుంది, ముందే తెలిసి ఉంటే మందుతో నిలిపేవాళ్లమని అక్కడి డాక్టరు అన్నాడట. ముందే ఎలా తెలుస్తుంది, ఎవరికి తెలుస్తుంది అని మేమంతా అనుకున్నాం. మిగిలిన ఆ నడిమి చూపూ బావ పోయిన మరుసటి ఏడు పోయింది.

కంటి ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, భోజనం ముందు నుంచి లేచి, అటక మీది రేకుపెట్టె దించి, ఆ బటర్ పేపర్ల చుట్టలు విప్పాను. అన్నేళ్లలో వాటిని ఎన్నడూ వెలుతురుకు పెట్టి చూడలేదు. నల్లగుడ్డ మీద ఆ గళ్లు ప్రతి వారం కంట పడుతూనే ఉన్నా, వలయాల్లో అంకెలే చూశాను గానీ గళ్లు చూడలేదు. మొదటి గుచ్ఛం కాగితాన్ని కిటికీకి ఆనిస్తే ఎండ బెజ్జాల్లోంచి వచ్చి, ప్రతి గడీ అన్ని మూలలకూ నిండుగా మెరిసింది. రెండోదీ అంతే. మూడోదానిలో ప్రతి గడికీ పైన ఎడమవైపు మూల పూసల సూది పోట్లు పలచబడ్డాయి. నాలుగోదానిలో ఆ మూల ఇంకా పెరిగింది. ఐదోదానిలో గడి గడికీ, అన్ని గళ్లలోనూ, అదే చోట ఏమీ లేదు. దబ్బనం పోట్లు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి, అంత పెద్దవాటిని ఆ కన్ను పట్టుకోగలిగింది. డాక్టరమ్మ ఇచ్చిన పటాన్ని పక్కన పెట్టి చూశాను. చూడాల్సిన అవసరం కూడా లేదు.

అక్క కన్ను నిలిపి కాగితం జరిపింది. ఒక్క కంటితో చూసింది. రెండు కళ్లతో చేసే వంటలో, నడకలో, అట్టల పనిలో అప్పటికి బయటపడని జబ్బు, ఈ ప్రపంచం మొత్తంలో ఆ కాగితాల మీద ఒక్కచోటే బయటపడింది. వాటిని ప్రతి ఆదివారం చేతిలోకి తీసుకున్నది నేను. అక్క చూపు తగ్గుతున్న వరుసా, నా గుచ్ఛాల వయసు పెరుగుతున్న వరుసా ఒకటే అయ్యాయి. అక్క కన్ను పోతుంటే నేను నక్షత్రాలు పోతున్నాయని రాసి డాక్టరునయ్యాను. ఆ మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి అన్నం చల్లారిపోయింది అనేసరికి, ఈ వయసులో, పెట్టె పక్కన నేల మీద కూర్చొని ఏడ్చాను.

ఆదివారం ఆ చుట్టలు తీసుకొని ధర్మవరం వెళ్లాను. ఇప్పుడు ఆ వీధిలో చేతిమగ్గాల చప్పుడు తక్కువ, కరెంటు మగ్గాల రొద ఎక్కువ. అక్క తన కూతురి ఇంటి వరండాలో కుర్చీలో కూర్చొని ఉంది. డెబ్భై ఏడేళ్లు. నేను చెప్పాలని ఎన్నో అనుకొని వెళ్లాను. పాత కాగితాలు దొరికాయక్కా అని మాత్రం అని ఐదో గుచ్ఛం కాగితం ఒళ్లో పెట్టాను. సూది పోట్లకు కాగితం వెనకవైపు చిన్న చిన్న గరుకులు లేచి ఉంటాయి కదా. అక్క దాన్ని తిరగేసి, వేళ్లతో నెమ్మదిగా తడమడం మొదలుపెట్టింది. ముఖం వెలిగింది. ఇది దబ్బనము, ఇది పూసల సూది అని ఒక్కొక్కటీ చెబుతూ పోయింది. కాసేపటికి వేలు ఒకచోట ఆగింది. పక్క గడికి పోయింది, ఆగింది. ఇంకో గడి, ఇంకో గడి. మా అక్కకు లెక్కలో తేడా ఒకరు చెప్పాల్సిన పని ఎప్పుడూ లేదు.

"ఈ మూల యాడా ఏమీ లేదే."

నేను చెప్పాను. నా కంటి సంగతి, డాక్టరమ్మ ఇచ్చిన పటం, ఈ గళ్లు, అన్నీ చెప్పాను. ఉత్తరంలో నేను రాసిన వాక్యం కూడా చెప్పాను. అక్క కాగితం మీద చెయ్యి తీయకుండానే విన్నది. తిడుతుందేమో అని చూశాను, తిడితే బాగుండునని కూడా చూశాను. మందు వేసుకుంటాండావా అని ముందు నా కన్ను గురించి అడిగింది. వేసుకుంటున్నానన్నాను. మరిచిపోవద్దంది. మనసులో ఏవో ఏళ్లు లెక్కపెట్టుకున్నట్టుంది, చివరకు మెల్లగా అంది.

"అప్పుడు నువ్వు ప్రతి ఆదివారమూ వస్తాంటివి గదా."

అది నిష్ఠూరం కాదు. గుర్తు చేసుకుంటోంది, అంతే. 

మన కాలం వాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుంది. ఇప్పుడు నక్షత్రాలను ఎవరూ సూదితో పొడవరు, పైనున్న కెమెరా తీస్తుంది, కంప్యూటరు లెక్కేస్తుంది, మూడేళ్ల మా పని దానికి మూడు నిమిషాలు కూడా కాదు. ఆ యంత్రం లెక్క తప్పితే యంత్రానికి ఏమైందోనని ముందు దాన్నే విప్పి చూస్తారట. అక్క లెక్క తప్పితే, అక్కకు ఏమైందోనని నాకు తట్టలేదు. మొదట ఆకాశంలో ఏదో అయిందనుకున్నాను, తర్వాత అక్క బుద్ధి చెడ్డదనుకున్నాను. కంటి పరీక్షకు కూడా ఇప్పుడు పది నిమిషాలు చాలు, హిందూపురంలోనే ఉంది, గోరంట్ల నుంచి, రొళ్ల నుంచి బస్సుల్లో వచ్చి చేయించుకొని పోతున్నారు. అన్నీ సులువైపోయాయి, చాలా సంతోషం, మాకే ఆలస్యమైంది.

నిండుగా ఉన్న మొదటి కాగితాన్ని అక్క తన దగ్గరే పెట్టుకుంది. నేను మళ్లీ ఆదివారాలు ప్యాసింజరు ఎక్కుతున్నాను. ఒళ్లో అట్టగొట్టం లేదు, దించుకోవాల్సిన అంకెలు లేవు. పొద్దున కంట్లో మందు వేసుకొని బయలుదేరి, ధర్మవరంలో దిగి, అక్క ఎదురుగా కుర్చీ వేసుకొని, ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా చూడని ఆమె కళ్లలోకి చూస్తూ కూర్చుంటున్నాను. నేను చూస్తున్నట్టు అక్కకు తెలియదు.